పెండ్లి కారు ప్లగ్గు

ర్యాంపు మీద బండి మూడోసారి ఆగిపోయినప్పుడు బేబమ్మ తల తిప్పి నా వైపు చూసింది. నేను ఇనుప కంచెకు ఇవతల నిలబడి ఉన్నాను. పరీక్ష పెట్టే ఆఫీసరు చేతిలోని కాగితం మీద ఒక గీత గీశాడు. ఏ గీతో దూరం నుంచే తెలిసింది. ఆమె బండి దిగి వచ్చేసరికి నా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"క్లచ్ తొందరగ వదిలినవ్ చెల్లె."

ఆమె వంగి తన ఎడమ కాలు చూసుకుంది. సరిగ్గా పనిచెయ్యని పనిమనిషిని చూసినట్టు చూసుకుంది.

డ్రైవింగు నేర్పడం పద్దెనిమిదేళ్లుగా నా పని. హుస్సేనీ ఆలంలో సోమశేఖర్ సేటు పెట్టిన స్కూలు మాది. సేటు వాళ్లది తాతల కాలం నుంచి లాడ్ బజార్‌లో గాజుల టోకు వ్యాపారం. అన్నదమ్ముల్లో ఈయన ఒక్కడే గాజులు విడిచి కార్లు పట్టాడు. కార్లంటే ఒక్కటే కారు. మూడు సిలిండర్ల పాత పెట్రోలు బండి. నేర్చుకునేవాళ్లకు ఉన్నట్టే పక్కసీట్లో నా కాళ్ల కింద కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి.

నేను కల్వకుర్తి దిక్కు వాణ్ణి. కుమ్మరి ఇల్లు. ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. ఈ పనికి మాటలు పెద్దగా అక్కర్లేదు. క్లచ్, బ్రేక్, చూడు, పో. ఈ నాలుగు మాటలతో ఎంతమందికి లైసెన్సులు ఇప్పించానో లెక్కలేదు.

బేబమ్మకు నలభై దాటాయి. ఖిల్వత్ దగ్గర ఒక పాత ఇంట్లో ముసలావిడను చూసుకునే పని. స్నానం చేయించడం, మందులివ్వడం, తల దువ్వడం. వారానికి మూడుసార్లు ఆ పెద్దావిడను దవాఖానాకు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. ఇంట్లో కారుంది, తోలే ముసలి డ్రైవరు కళ్లు కనిపించక మానుకున్నాడు. మగ డ్రైవరును పెట్టుకోవడం పెద్దావిడకు ఇష్టం లేదు. కొడుకు బేబమ్మను పిలిచి ఒక మాట చెప్పాడట. నెలాఖరులోగా లైసెన్సు తెచ్చుకుంటే కారు తోలే పని కూడా నీదే, జీతం కూడా పెరుగుతుంది, లేకపోతే రెండు పనులూ వచ్చిన ఇంకొక ఆమెను చూసి పెట్టుకుంటాం, అని.

ఆమెకు మళ్లీ పరీక్ష ఇచ్చింది పదిహేను రోజుల తర్వాత. అంటే నెలాఖరుకు రెండు రోజుల ముందు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఆమె చెప్పులు లేకుండా వచ్చింది.

"చెప్పులేవి?"

"చెప్పులతోని తెలుస్తలేదన్నా. ఉత్త కాలుతోని అయితే పెడలు మంచిగ తెలుస్తదేమో అని." బండెక్కి సీటు ముందుకు జరుపుకుంది. "మా ఆయన ఏమంటుండో ఎరికేనా? నీ కాలు కుట్టుమిషిను తొక్కిన కాలు, ఆగకుంట తొక్కుడే తెలుసు, మెల్లగ వదులుడు తెల్వదు అంటుండు."

"మీ ఆయన ప్రేమ్‌రాజ్‌కు కారొస్తదా?"

"సైకిలే రాదు."

హుస్సేనీ ఆలం గల్లీల్లో ఒకచోట చిన్న ఎత్తు ఉంది. ఆటోవాళ్లు కూడా అక్కడ గేరు మార్చుకుంటారు. ర్యాంపు నేర్పాలంటే నాకు అదే ర్యాంపు. ఎత్తు మధ్యలో ఆపమన్నాను. ఆపింది. హ్యాండు బ్రేకు లాగింది. నేను నా పెడలు మీద కాలు ఆనించి ఊరుకున్నాను, నొక్కలేదు. ఆమె క్లచ్చు, నా క్లచ్చు ఒకే తీగకు కట్టి ఉంటాయి. ఆమె కాలు ఎట్లా కదిలితే నా కాలికి అట్లా తెలుస్తుంది.

ఆమె వదలసాగింది. మెల్లగా, నిండు బిందె దించినట్టు. ఎక్కడా తొందర లేదు. బండి ముక్కు కొంచెం లేచింది. సరిగ్గా ఇంజనుకు బరువు తగిలే చోట ఒక ఎక్కిలి వచ్చింది. రెండో ఎక్కిలికి బండి ఆగిపోయింది.

"మళ్లీ తొందరగ వదిలిన," అంది బేబమ్మ, నేనేమీ అనకముందే.

గల్లీ మలుపులో చాయ్ అమ్మే జానీమియా గ్లాసులు కడుగుతూ అరిచాడు. "క్యా మైసయ్య భాయ్, గాడీకు హిచ్కీ లగ్గయి క్యా? థోడా పానీ పిలావ్!"

బేబమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. బండికి ఎక్కిళ్లు పట్టాయని చాయ్ పోసే మనిషికి తెలిసింది. పద్దెనిమిదేళ్లు దీన్ని తోలిన నాకు తెలియలేదు. ఆమె కాలు తప్పు చెయ్యలేదని నా కాలికి తెలిసింది, కానీ నిన్న కంచె దగ్గర నోరు జారి అన్న మాటను వెనక్కి తీసుకోలేదు. ఈ రెండు నెలల్లో క్లచ్ అని ఇంకా ఎందరిని అన్నానో.

రెండు నెలలు ఎందుకన్నానంటే, సేటు బండికి, ఇంజనులో పెట్రోలును అంటించే కొత్త స్పార్క్ ప్లగ్గులు వేయించింది అప్పుడే.

సేటు ఆఫీసంటే ఒక గది, ఒక అద్దాల బల్ల, గోడకు ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు. నేను వెళ్లేసరికి ఆయన సబ్జా నీళ్లు తాగుతున్నాడు.

"సేటు, బండి ఎత్తు మీద కొట్టుకుంటుంది. ప్లగ్గులు చూడాలె."

"ప్లగ్గులా?" గ్లాసు కింద పెట్టాడు. "ఏం మాట్లాడుతున్నవ్ మైసయ్యా? అవి మామూలు ప్లగ్గులా? ఇరిడియం! రేసింగు టైపు! మా శ్రవణ్‌కుమార్ ఫోన్ల వీడియోలన్ని చూసి ఏరి ఏరి తెప్పిచ్చిండు. పికప్ మస్తు పెరుగుతదని రాసి ఉంది డబ్బ మీద."

శ్రవణ్‌కుమార్ ఆయన మేనల్లుడు. ప్లగ్గులతో పాటు వచ్చిన స్టిక్కరును కూడా అతనే బండి వెనక అద్దానికి అంటించాడు. ఎర్ర రంగు ఎల్ అక్షరం కింద 'రేసింగ్ పవర్' అని ఉంటుంది. పక్కనుంచి పోయే ఆటోవాళ్లు చదివి చదివి నవ్వుతుంటారు.

"అండ్ల గూడ చల్లటి రకం తీసుకున్న నేను," అన్నాడు సేటు. "ప్లగ్గులల్ల వేడి రకం, చల్ల రకం అని ఉంటయ్. అసలే ఎండలు. ఇంజను ఎంత ఉడుకుతుందో నీకెరికే. మనిషికి సబ్జా నీళ్లెట్లనో ఇంజనుకు చల్ల ప్లగ్గు గట్ల. ఏమంటవ్?"

నేను ఆయన గ్లాసులో అడుగున మిగిలిన సబ్జా గింజలు చూశాను.

"గా బేబమ్మ కాలు సరిగ లేదు, నువ్వొచ్చి నా ప్లగ్గుల మీద పడ్డవ్," అన్నాడాయన. "పో, క్లచ్ మంచిగ నేర్పు."

ఆ మధ్యాహ్నం బండి తీసుకుని దూద్‌బౌలికి పోయాను. అక్కడ డానియేలు షెడ్డు ఉంది. బస్సు డిపోలో ఆఫీసర్ల కార్లకు ముప్పై ఏళ్లు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. షెడ్డులో రేకు కింద ఒక బెంచీ, దాని మీద ఎప్పుడూ ఒక గుడ్ల అట్ట ఉంటుంది. ముప్పై గుంటల అట్ట. అందులో గుడ్లు ఉండవు. గుంటకు రెండు చొప్పున వాడి తీసిన ప్లగ్గులు ఉంటాయి. ప్రతి జతకు దారంతో ఒక కాగితం ముక్క కట్టి ఉంటుంది.

ఆయన బానెట్ ఎత్తి, పానా పెట్టి, ఒక ప్లగ్గు తీసి ఎండకు చూపించాడు. మొన నుంచి పింగాణీ వరకు నల్లగా ఉంది. దీపం బుడ్డి గాజుకు పట్టినట్టు పొడి మసి.

"అబ్బో!" అన్నాడు. "బంగారం లెక్కటి ప్లగ్గును తెచ్చి బొగ్గు చేసినవ్ గదరా మైసయ్యా. ఎవడేసిండిది?"

"సేటు."

"ఏం కావాల్నంట ఆయనకు?"

"పికప్."

"నా దగ్గరకు ప్లగ్గుల కోసం వచ్చేటోళ్లు మూడు రకాలు. ఒకనికి పికప్ కావాలె, ఒకనికి మైలేజీ కావాలె, ఒకనికి పక్కింటోనికి చెప్పుకునేటందుకు పేరు కావాలె. మీ సేటు మూడో రకం." బెంచీ కింద డబ్బాలు తీసి వరుసగా పెట్టాడు. "ఇగో, ప్లాటినం. ఇగో, ఇది మూడు కొమ్ములది. ఇది ఇంకో ఇరిడియం, మొన సూది లెక్క ఉంటది. ఏది చెప్పు?"

నేను గుడ్ల అట్ట ముందు కూర్చున్నాను.

కాగితాల మీద బండి నంబర్లు లేవు, ఓనర్ల పేర్లు లేవు. బండి ఎట్లా తిరుగుతుందో అదే రాసి పెట్టాడు. 'శ్రీశైలం ట్యాక్సీ.' 'పాల వ్యాను, పొద్దున మాత్రమే.' 'వకీలు సాబ్, ఆదివారం మాత్రమే.' ట్యాక్సీది తెల్లగా కాలిపోయి ఉంది. పాల వ్యానుది కాస్త నలుపు. వకీలు గారిది తడి తడిగా ఉంది. ఒక్కొక్కటే తీసి చూస్తూ పోయాను. నాలుగో వరుసలో ఒకటి చేతికి వచ్చింది. మా బండిదే ఎగిరి వచ్చి ఇందులో పడిందా అన్నంత నలుపు, అదే పొడి మసి. కాగితం మీద 'పెండ్లి కారు' అని ఉంది.

"ఇదేం బండన్నా?"

"షాలిబండాల ఒకాయన ఉన్నడు. పాత కారుకు పూలు కట్టి బారాత్‌కు ఇస్తడు. ముంగట బ్యాండు, ఎనక గుర్రం, నడుమ కారు. మనిషి నడిచినంత మెల్లగ పోవాలె, మూడు గంటలు. ఎప్పుడు చూసినా షాదీఖానా ముంగట ఆగిపోయేది. ఓసారి పెండ్లికొడుకు దిగి నెట్టిండట."

మనిషి నడిచినంత మెల్లగా.

నేను రోజూ కూర్చునే బండి ఎంత స్పీడు మీద పోతుందో ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. పది. చాలా అయితే పన్నెండు. మొదటి గేరు, రెండో గేరు. కొత్తగా నేర్చుకునే మనిషి మూడో గేరు వేసేలోపే పాఠం అయిపోతుంది. ఇంకొక మనిషి ఎక్కుతుంది, మళ్లీ మొదటి గేరు.

పెండ్లి కారు జతలో రెండో ప్లగ్గు తీశాను. వేరే రకం వేసి కొన్నాళ్లు తిప్పిన తర్వాతిది అన్నమాట. మొన బాగా కాలిన కుండ రంగులో ఉంది.

మా నాయన కుండలు కాల్చే వాము పేర్చి మంట పెట్టినప్పుడు మొదట సన్నటి మంట పెట్టేవాడు. ఆ మంటకు కుండలన్నీ నల్లబడేవి. చిన్నప్పుడు అది చూసి పాడైపోయాయని ఏడ్చాను. మా నాయన నవ్వి ఊరుకున్నాడు. రెండో జాముకు కట్టెలు పెంచాడు. మంట పెద్దదయ్యాక, అంటిన మసిని మంటే తినేసింది. పొద్దునకు కుండలు ఎర్రగా ఉన్నాయి. సన్నటి మంట మీదే వదిలేసిన వాములో మసి ఎట్లా అంటిందో అట్లానే ఉండిపోతుంది. ప్లగ్గు మొనలో ఉన్నది కూడా కాల్చిన మట్టే కదా.

"ఈ పింగాణీకి వేడి చాలుతలేదు," అన్నాను.

డానియేలు నన్ను కొత్తగా చూశాడు. "ముప్పై ఏండ్లు చేసినంక తెలిసింది నాకు గా మాట. చల్ల ప్లగ్గంటే ఇంజనును చల్లబరిచేది కాదు బిడ్డా. తన మొనకు తగిలిన వేడిని జల్ది బయటకు తోలేసేది. నూరు మీద ఉరికే బండికి గది మంచిదే, మొన కాలిపోకుంట కాపాడుతది. నీ బండి పది మీద పాకుతది. వచ్చేదే ఇంత వేడి, దాన్ని గూడ తోలేస్తే మసిని ఎవరు కాలుస్తరు? నీకు కావాల్సింది ఒక మెట్టు వేడి రకం. ఇరిడియం గిరిడియం ఏం వద్దు. మామూలు ప్లగ్గు."

డబ్బాల వెనక నుంచి దుమ్ము పట్టిన ఒక పెట్టె తీసి ఊదాడు.

"నంబరు నేనే చూసి ఇస్త. ఒక కంపెనీల అంకె పెరిగితే చల్ల, ఇంకొక కంపెనీల అంకె పెరిగితే వేడి. మీ శ్రవణ్‌కుమార్ అసొంటోళ్లు గాడనే మునుగుతరు. ఇంకోటి చెప్తున్న విను. ఇవి వేసుకొని శ్రీశైలం ఘాట్ ఎక్కవద్దు. మొన ఎర్రగైతది, ఇంజను ఖరాబైతది. గల్లీలల్లనే ఉండాలె."

"గల్లీలల్లనే ఉంటది."

"ఎవరి కోసం ఇంత తిరుగుతున్నవ్?"

"బేబమ్మ అని. పరీక్షుంది."

"మా చర్చిల పాటలు పాడే బేబీయేనా? ఆమె కాలు మంచిగ లేదని పెయిలైందంట గదా!"

నేను ప్లగ్గును మళ్లీ గుంటలో పెట్టాను. ఆ మాట చర్చి దాకా పోయింది.

కానీ బండి సేటుది. ఆయన ఒప్పుకోకుండా ప్లగ్గు ముట్టుకోలేను. మర్నాడు పొద్దున ఆయన తనంతట తానే ఎత్తు దగ్గరికి వచ్చాడు. తెల్ల సఫారీ, కొత్త బూట్లు.

"దిగు బేబమ్మా," అన్నాడు. "ఎనక కూసో. క్లచ్ ఎట్ల వదలాల్నో నేను చూపిస్త. మైసయ్యకు నోరు లేదు, నేర్పుడు ఎట్లొస్తది?"

సేటు ఈ బండి తోలి ఆరేళ్లయింది. ఎత్తు మధ్యలో ఆపాడు. బూటుతో వదిలాడు. ఎక్కిలి, ఆగింది. మళ్లీ తిప్పాడు. ఈసారి యాక్సిలరేటరు ఎక్కువ తొక్కాడు. బండి రెండడుగులు దుమికి ఆగింది. వెనక ఒక ఆటో వచ్చి నిలబడింది. మూడోసారి బండి కొంచెం వెనక్కి జారింది.

"అరే సేఠ్!" ఆటో అతను తల బయట పెట్టాడు. "లైసెన్స్ హై కి నై? పీఛే రేసింగ్ పవర్ లిఖ్‌కే, ఆగే హిల్‌తీచ్ నై గాడీ!"

వెనక రేసింగ్ పవర్ అని రాసుకున్న బండి ముందుకు కదలట్లేదని జానీమియా చాయ్ దగ్గర నలుగురు నవ్వారు. నేను కిటికీలోంచి గోడ చూశాను. సేటు మెడ వెనక చెమట సఫారీ కాలరులోకి దిగింది. ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగి బేబమ్మతో అన్నాడు.

"చూసినవా? క్లచ్ తప్పుగ వదిలితే గిట్లయితది. నీకు అర్థం కావాల్నని చేసి చూపిచ్చిన."

"అయితే నేను గూడ గట్లనే వదులుతున్న సేటు," అంది బేబమ్మ. ఆమె నమ్మింది.

అప్పుడు నేను మాట్లాడవలసింది. మాట్లాడలేదు. ఆమె దిగి ఇంటికి నడిచిపోతున్నప్పుడు ఎడమ పాదాన్ని కొంచెం కాచుకుంటూ వేస్తున్నది. ఏ నొప్పీ లేని పాదాన్ని.

ఆమె మలుపు తిరిగాక సేటు గొంతు తగ్గించాడు. "నిన్న డానియేలు దగ్గరికి పోయినవంట. ఏం ప్లగ్గులున్నయ్ ఆయన దగ్గర?"

చెప్పాను. పెండ్లి కారు సంగతి కూడా చెప్పాను. వేడి రకం అనేసరికి మొహం చిట్లించాడు గానీ కాదనలేదు.

"సరే, మార్పియ్యి. ఒక్క మాట. ఎవ్వరికి చెప్పకు. స్కూలు ఇజ్జత్ ఉంటది. ఇంకోటి, స్టిక్కర్ పీకకు."

"పీకను."

డానియేలు పాత ప్లగ్గులు మూడూ తీసి పక్కన పెట్టి, కొత్తవి చేత్తో తిప్పి, చివర మాత్రం పానాతో బిగించాడు. ఇంజను తిప్పగానే తేడా తెలిసింది. నిద్ర సరిపోయిన మనిషి గొంతులా ఉంది. పాత మూడింటినీ కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అప్పుడు నాకే తెలియదు.

ఇక అంతా అయిపోయిందనుకున్నాను. కాలేదు. బండి బాగుపడింది, బేబమ్మ బాగుపడలేదు. ఎత్తు మీద ఆమె ఇప్పుడు క్లచ్ వదలడానికే భయపడుతున్నది. సగం వదిలి అక్కడే పట్టుకుని వణుకుతున్నది. నా కాలి కింద పెడలు గజగజలాడుతున్నది. క్లచ్ కాలిన వాసన వచ్చింది. ఎక్కుతున్నది, కానీ ఒకసారి ఎక్కితే రెండుసార్లు వెనక్కి జారుతున్నది. బండి సంగతి చెబితే ఒక్క నిమిషంలో తీరిపోయే భయం అది. సేటుకిచ్చిన మాట ఒకటి ఉంది. దాని కంటే ముందు, నేనే తప్పు చెప్పానని ఒప్పుకోవాల్సి ఉంది. ఈ రెండింటిలో ఏది నా నోరు మూసిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పది రోజులు అట్లానే గడిచాయి.

పరీక్ష రోజు ట్రాకు దగ్గర పెద్ద వరుస. మా ముందు ఏడు బండ్లున్నాయి. బేబమ్మ చెప్పులు విడిచి సీటు కింద పెట్టింది. ఎడమ పాదానికి కొబ్బరి నూనె రాసుకుని వచ్చింది. ఎండకు మెరుస్తున్నది.

"నూనె ఎందుకు?"

"నరాలు సాపైతయని పక్కింటి ఆగమ్మక్క చెప్పింది." స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ అంది. "అన్నా, నిన్న వాళ్లింటికి ఇంకొకామె వచ్చి పోయింది. ఆమెకు లైసెన్సు ఉంది. పెద్దమ్మ తల దువ్వింది. బాగ దువ్వలే, గుంజింది. అయినా ఇయ్యాల నేను పెయిలైతే ఆమెనే పెట్టుకుంటరు. వాళ్లు మాత్రం ఏం చేస్తరు?"

ముందు బండి కదిలింది. ఆరు.

"ఈ కాలు తీసి పక్కకు పెట్టే ఉపాయం ఉంటే మంచిగుండు," అంది.

నేను జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆమె ఒడిలో పెట్టాను.

"ఏందిది?"

"ఇప్పు."

మూడు ప్లగ్గులు. ఆమె ఒకటి పట్టుకోగానే వేళ్లకు నలుపు అంటింది.

"నీ కాలు కాదు చెల్లె," అన్నాను. "ఇవి. ర్యాంపు మీద ఆగింది ఇవి పాడై. నేను ఆ దినం క్లచ్ అన్న. తప్పన్న. మర్నాడే నా కాలికి తెలిసింది నువ్వు మంచిగ వదులుతున్నవని. చెప్పలే. ఇప్పుడు వేరే ప్లగ్గులున్నయ్, బండి మంచిగుంది. నీ కాలు మొదటి నుంచి మంచిగనే ఉంది."

పద్దెనిమిదేళ్లలో ఆ బండిలో నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు.

ఆమె ప్లగ్గును చూసింది. నన్ను చూసింది. మొహంలోకి రక్తం వచ్చింది.

"పదిహేను దినాల నుంచి ఏడిపిచ్చినవ్ గదన్నా! రాత్రి నిద్ర లేదు నాకు. మా ఆయన మిషిను కాలు, మిషిను కాలు అని పాటలు గట్టిండు. చర్చిల పాస్టరమ్మ నా కాలు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది! నువ్వేమో జేబుల ఏసుకొని తిరుగుతున్నవా!"

"తప్పయింది."

"నోరు లేనోళ్లతోని గిదే లొల్లి." ఆగి, ఏదో గుర్తొచ్చి నా వైపు తిరిగింది. "మరి సేటు? ఆ దినం సేటు చేసి చూపిచ్చిండు గదా?"

నేను స్పీడు చూపించే ముల్లు వైపు చూశాను.

"సేటుది గూడ ఆగిపోయిందా?"

"సేటుది గూడ."

ఆమె నవ్వింది. మొదట ముక్కులోంచి, తర్వాత నోరంతా తెరిచి. స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. మోచెయ్యి తగిలి హారను మోగింది. ముందు బండిలోవాళ్లు తిరిగి చూశారు. ఆ నవ్వు తగ్గేసరికి మా ముందు ఒక్క బండే మిగిలింది. ఆమె సీటు కింది నుంచి చెప్పులు తీసి వేసుకుంది.

"దిగన్నా," అంది. "నేను పోయొస్త."

కంచెకు ఇవతల అదే చోట నిలబడ్డాను. ఎనిమిది అంకె దారిలో తిరిగింది. వెనక్కి తీసే దారిలో ఒక కర్రకు జానెడు దూరంలో మలుపుకుంది. తర్వాత ర్యాంపు. సగంలో ఆపింది. ఆఫీసరు చెయ్యి ఎత్తాడు. నా కాలి కింద పెడలు లేదు, అయినా నా ఎడమ కాలు నేలను నొక్కింది. ఇంజను చప్పుడు కొంచెం లావైంది. ఎక్కిలి కోసం చెవి పెట్టుకుని ఉన్నాను. రాలేదు. బండి ముక్కు లేచింది, వెనక చక్రం వేలెడంత కూడా వెనక్కి జరగలేదు. రేసింగ్ పవర్ స్టిక్కరు ఎండలో మెరుస్తూ ర్యాంపు ఎక్కి అవతలికి దిగిపోయింది.

ఆఫీసరు కాగితం మీద గీసిన గీత ఈసారి వేరే తీరుగా ఉంది.

తిరుగుదారి అంతా ఆమే తోలింది. పురానాపూల్ దాటాక ఒక్కసారి మాత్రం మాట్లాడింది. "ఒక ప్లగ్గు నాకియ్యన్నా. మా ఆయన ముంగట పెడత." ఇచ్చాను. ఇంకొకటి డానియేలుకిచ్చాను. ఆయన దానికి దారం కట్టి, కాగితం మీద 'నేర్చుకునే బండి' అని రాసి, పెండ్లి కారు పక్క గుంటలో పెట్టాడు. మూడోది సేటు అద్దాల బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే రేసింగు ప్లగ్గు అని చెబుతాడు. అది అబద్ధం కాదు.

వానలు మొదలైన వారం, ఒక పొద్దున కొత్త పిల్ల శ్రీహితకు అదే ఎత్తు మీద నేర్పుతున్నాను. డిగ్రీ చదివే పిల్ల. పైనుంచి ఒక కారు వచ్చి, గల్లీ ఇరుకని చూసి, వెనక్కి జరిగి మాకు దారి ఇవ్వబోయింది. బేబమ్మ. వెనక సీట్లో పెద్దావిడ కళ్లు మూసుకుని జపమాల లాంటి తస్బీ పూసలు తిప్పుతున్నది. బేబమ్మ కారును ఎత్తులోనే వెనక్కి ఎక్కించి, గోడవారగా ఆపి, "మీరు పోండ్రి" అన్నట్టు చెయ్యి ఊపింది. పెద్దావిడ పూస తప్పలేదు, కళ్లు తెరవలేదు.

"పో," అన్నాను శ్రీహితతో.

బండి ఒక్క దుముకు దుమికి ఆగిపోయింది.

శ్రీహిత నాలుక కరుచుకుంది. "క్లచ్చా అన్నా?"

నేను మళ్లీ తిప్పమన్నాను. ఇంజను చప్పుడు విన్నాను. బాగా కాలిన కుండను వేలితో కొట్టినట్టు తేటగా ఉంది. నా పెడలు మీద కాలు ఆనించి, ఆమెను ఇంకొకసారి వదలమన్నాను. మళ్లీ దుమికింది.

గోడవార నుంచి బేబమ్మ కిటికీ దించి, ఏం చెబుతానా అని చూస్తున్నది.

"క్లచ్చే," అన్నాను.

బేబమ్మ నవ్వుకుంటూ అద్దం పైకెత్తుకుంది.